పత్తి, మిర్చి నేలలో కార్ల నగరం: ఎర్రమంచి అనుభవం వెలుగులో ఒక పరిశీలన

ఆంధ్రప్రదేశ్‌లో కార్ల తయారీ చుట్టూ ప్రణాళిక ప్రకారం ఎదిగిన ప్రాంతం అనగానే పెనుకొండ మండలంలోని ఎర్రమంచి గుర్తుకొస్తుంది. 2017 ఏప్రిల్‌లో కియా సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 536 ఎకరాల్లో, ఏడాదికి 3 లక్షల వాహనాలు తయారుచేయగల కర్మాగారం లేచింది. 2019 ఆగస్టులో సెల్టోస్ కారు అమ్మకానికి వచ్చింది. కరవు జిల్లాగా పేరుపడిన నాటి అనంతపురంలో రెండున్నరేళ్లలోపే ఇది జరిగాక, గుంటూరు, ప్రకాశం మైదానాలకూ అటువంటి నగరం కావాలన్న కోరిక బలపడటం సహజం. ఉమ్మడి ప్రకాశం పశ్చిమ మెట్టలోని కనిగిరి ప్రాంతాన్ని జాతీయ పెట్టుబడులు, ఉత్పత్తి జోన్‌గా కేంద్రం గుర్తించింది కూడా. 2011 నాటి జాతీయ ఉత్పాదక విధానం ప్రకారం అటువంటి జోన్‌కు కనీసం 5,000 హెక్టార్లు కావాలి. అంటే మన దగ్గర పారిశ్రామిక నగరం గురించిన చర్చ భూమి లెక్కతోనే మొదలవుతోంది. ఆ వరుస తప్పని, ఈ నేల మీద ఇప్పటికే ఉన్న పనివాళ్ల నైపుణ్యం, వాళ్ల బతుకుదెరువు నుంచి ప్రణాళిక మొదలైతేనే కార్ల నగరం ఇక్కడ నిలుస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

ఎర్రమంచి విజయానికి కారణాలు విడదీసి చూడాలి. బెంగళూరు, హైదరాబాదులను కలిపే 44వ జాతీయ రహదారి పక్కనే ఉంది. హంద్రీ-నీవా పథకం ద్వారా వచ్చిన కృష్ణా నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరు నుంచి అందాయి. పెయింట్ షాపు ఉన్న ఏ కార్ల కర్మాగారానికైనా నీళ్లు లేనిదే పొద్దు గడవదు. ఇక హ్యుందాయ్ మోబిస్ వంటి కొరియా సంస్థలు మాతృ కర్మాగారం వెంటే వచ్చి విడిభాగాల యూనిట్లు పెట్టాయి. ఈ మూడో కారణం మీద దృష్టి నిలపాలి. సరఫరా గొలుసు సిద్ధరూపంలో బయటి నుంచి దిగినప్పుడు ఉత్పత్తి త్వరగా మొదలవుతుంది. కానీ రూపకల్పన, అచ్చుల తయారీ, నాణ్యత పరీక్ష వంటి విలువైన పనులు స్థానిక వర్క్‌షాపులకు దక్కడానికి అంత సులభంగా దారి ఏర్పడదు. 2019లో రాష్ట్ర శాసనసభ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. ఉద్యోగాల వాటాను చట్టం నిర్ణయించవచ్చు గాని, ఆ ఉద్యోగాలకు తగిన పనితనం ముందే తయారై ఉండాలి.

ప్రపంచంలో పేరున్న కార్ల నగరం టయోటా చరిత్ర ఈ విషయంలో పత్తి రైతు ప్రాంతానికి ప్రత్యేకంగా పనికొస్తుంది. టయోటా సంస్థ పుట్టింది కార్ల నుంచి కాదు, మగ్గాల నుంచి. సకీచి టయోడా ఆటోమేటిక్ మగ్గాల కంపెనీ 1926లో ఏర్పడింది. అందులోనే 1933లో మోటారు విభాగం తెరిచారు, 1937లో అది వేరే కంపెనీ అయింది. పట్టు వ్యాపారం దెబ్బతిన్న కొరొమో పట్టణం దగ్గర, సాగుకు పనికిరాని బీడులో 1938లో కర్మాగారం కట్టారు. ఆ పట్టణమే 1959లో టయోటా నగరమని పేరు మార్చుకుంది. ఇనుము పోతపోయడం, యంత్రభాగాలను కొలతకు తగ్గట్టు చెక్కడం వాళ్లకు మగ్గాల పనిలోనే అలవడ్డాయి.

గుంటూరు సీమలో ఇటువంటి పునాది లేదనుకోవడం పొరపాటు. జిన్నింగ్ మిల్లు ఫిట్టరు తోలు రోలరు మీద అరిగిపోయిన గాళ్లను తిరిగి కోస్తాడు. కత్తులకూ రోలరుకూ మధ్య సందు సరిచూస్తాడు. ఆ సందు కాస్త తేడా వచ్చినా గింజ చితికి దూది పాడవుతుంది. చిలకలూరిపేట, గణపవరం పరిసరాల్లోని స్పిన్నింగ్ మిల్లుల్లో బేరింగులు, గేర్లు, మోటార్ల మరమ్మతు నిత్యం జరిగే పని. 1966 నుంచి ఎదిగిన విజయవాడ ఆటోనగర్‌లో కంపెనీ నుంచి ఛాసిస్ మాత్రమే వస్తే, దాని మీద లారీ బాడీ మొత్తం కట్టి పంపే తరాల అనుభవం ఉంది. వెల్డింగ్, టింకరింగ్, కమాను పట్టీల పని అక్కడ చేతిలో పెరిగిన విద్య. దానికి దగ్గరలోనే మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారం 2025 మార్చిలో ప్రారంభమైంది. మన మైదానానికి సహజమైన మొదటి మెట్టు ఇటువంటి వాణిజ్య వాహనాల బాడీ నిర్మాణం, విడిభాగాల తయారీ.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది: నేటి కంపెనీలు స్థానికులు ఎదిగేదాకా ఆగవు, సరఫరాదారులను వెంటబెట్టుకునే వస్తాయి. ఇది నిజమే. అందుకే కంపెనీ రాకముందే పని జరగాలి. అచ్చులు తయారుచేసే ఉమ్మడి టూల్‌రూమ్, నాణ్యత పరీక్షశాల, పాలిటెక్నిక్, ఐటీఐల్లో మిల్లు ఫిట్టర్లకు కొత్త శిక్షణ కావాలి. వీటికయ్యే ఖర్చు వేల ఎకరాల సేకరణ ఖర్చుతో పోలిస్తే స్వల్పం. పైగా కార్ల కంపెనీ రాకపోయినా ఈ పెట్టుబడి వృథా పోదు, మిల్లులకూ శీతల గిడ్డంగులకూ పనికొస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది: మిర్చి, పత్తి ధరలు నిలకడ లేనివి, ఆ భూమిని పరిశ్రమకు ఇస్తేనే రైతుకు మేలు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున మార్కెట్ జోక్యం ప్రకటించాల్సి వచ్చిందన్నది కాదనలేం. అయితే ఆ నష్టం మోసేవాళ్లలో కౌలు రైతులు పెద్దసంఖ్యలో ఉన్నారు. భూమి అమ్మితే డబ్బు యజమానికి చేరుతుంది. కోతల కాలంలో కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలతో వచ్చి కాయ కోసేవాళ్లకు, కల్లంలో తాలు ఏరేవాళ్లకు, ముచికలు తీసే ఆడవాళ్లకు పని మాత్రం పోతుంది. 2013 భూసేకరణ చట్టం మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడ్డ కౌలుదార్లను, కూలీలను కూడా బాధిత కుటుంబాలుగా లెక్కించమంటుంది. నోటిమాట కౌలుకు కాగితం ఎక్కడిది? వలస కూలీకి ఊళ్లో ఏ రికార్డు ఉంటుంది? అమరావతి భూసమీకరణలో భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను ఏర్పాటు చేయడం ఆ బాధ్యతను గుర్తించిన అడుగే. కానీ పింఛను జీవనోపాధికి సాటిరాదు. పైగా ఈ మైదానంలోని నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. ప్రెస్ షాపు వంటి బరువైన కట్టడానికి మట్టి తవ్వి గ్రావెల్ నింపాలి, లేదా లోతైన పైల్స్ వేయాలి. మంచి సాగునేలను తీసుకోవడం నిర్మాణపరంగా కూడా లాభసాటి కాదు.

కాబట్టి మిగిలేది పశ్చిమ మెట్ట. అక్కడ ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిన ఊళ్లున్నాయి. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూస్తూనే తరం గడిచిపోయింది. ఆ ఊళ్ల దాహం తీరకుండా కర్మాగారానికి పైపులైను వేస్తే అది న్యాయమూ కాదు, నిలిచేదీ కాదు. ప్రభుత్వం ఈ వరుస పాటించాలి: ముందు తాగునీరు, సాగునీరు, తర్వాత కౌలుదార్ల, కూలీల సర్వే, దానితోపాటే టూల్‌రూమ్, శిక్షణ, చివరగా భూకేటాయింపు. ఈ వరుసలో వెళితే నగరం కొంత ఆలస్యంగా రావచ్చు. కానీ వచ్చినప్పుడు అందులో గుంటూరు ఫిట్టరుకు, ప్రకాశం కూలీ బిడ్డకు కాపలా ఉద్యోగం కన్నా మెరుగైన చోటు దొరుకుతుంది. అది దొరకని నగరానికి ఈ నేలను అడిగే హక్కు లేదు.