పదేళ్లు నిండని పురపాలిక

చాంద్రాయణగుట్ట నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని బార్కస్ దాటితే ఎర్రకుంట, షాహీన్ నగర్, ఆపైన పహాడీ షరీఫ్. హైదరాబాద్ ఎక్కడ ముగిసి జల్‌పల్లి ఎక్కడ మొదలైందో ఇళ్లను చూసి చెప్పలేం. కాగితాల్లో మాత్రం ఆ హద్దు చాలాకాలం చెక్కుచెదరలేదు.

పహాడీ షరీఫ్ గుట్టమీది బాబా షర్ఫుద్దీన్ దర్గాకు జనం శతాబ్దాలుగా వస్తూనే ఉన్నా, జల్‌పల్లి పెద్ద చెరువున్న పల్లెగానే మిగిలింది. తర్వాత పాతబస్తీలో చోటు చాలని కుటుంబాలు చవక ప్లాట్ల కోసం ఇటు వచ్చాయి. వాటితోపాటే గోదాములు, తుక్కు షెడ్లు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ఈ రోడ్డు పక్కన భూమికి ఊపిరాడలేదు.

అంతకుముందే, 2005లో, 12 మున్సిపాలిటీలతోపాటు 8 గ్రామ పంచాయతీలను నగరంలో కలపాలన్న ప్రతిపాదన వచ్చింది. ఆ ఎనిమిదిలో జల్‌పల్లి ఒకటి. 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) ఏర్పడేసరికి మున్సిపాలిటీలు లోపలికి వెళ్లాయి, పల్లెలు గుమ్మం బయటే ఆగాయి. ఈ ఊరి కథలో అసలు మలుపు ఇదేనంటాను. బస్తీలంత జనం చేరిన చోట మురుగుకూ రోడ్లకూ మరో తొమ్మిదేళ్లు పంచాయతీయే దిక్కయింది.

2016లో మున్సిపాలిటీ అయింది గానీ తొలి ఎన్నికలు 2020 జనవరిలోనే. అప్పటిదాకా ప్రత్యేకాధికారి పాలనే. 28 వార్డులు, గెలుపు మజ్లిస్‌ది. ఆ ఏడాది మజ్లిస్ చేజిక్కించుకున్న మరో మున్సిపాలిటీ ఎక్కడో ఉత్తరాన భైంసా. 2025 జనవరిలో గడువు తీరగానే మళ్లీ ప్రత్యేకాధికారి పాలన. అదే ఏడాది డిసెంబరులో జల్‌పల్లి సహా 20 మున్సిపాలిటీలను, 7 కార్పొరేషన్లను జీహెచ్ఎంసీలో విలీనం చేశారు. దాదాపు పదేళ్ల ఆయుష్షులో ఎన్నికైన పాలకవర్గం ఉన్నది సగం కాలమే.

నగరం శివార్లను మింగడం ఇక్కడ పాత అలవాటే. మూసీ అవతలి చాదర్‌ఘాట్‌కు ఒకప్పుడు సొంత మున్సిపాలిటీ ఉండేది. 1933లో హైదరాబాద్‌లో కలిసింది. 1960లో సికింద్రాబాద్ వంతు. ఇలాంటి విలీనాలు ఇక్కడే కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1990లలో 210 స్థానిక మండళ్లను 78కి కుదించింది. మెల్‌బోర్న్ శివారు ఫిట్జ్‌రాయ్ మండలి 1994లో అలాగే మాయమైంది. అక్కడా కొంతకాలం ఎన్నికైనవాళ్ల కుర్చీల్లో నియమిత కమిషనర్లే కూర్చున్నారు.

విలీనం తర్వాత జీహెచ్ఎంసీ వార్డులను 150 నుంచి 300కు పెంచి హద్దులు కొత్తగా గీశారు. జల్‌పల్లి 28 వార్డుల పటం ఒకే ఒక్క ఎన్నికకు పనికొచ్చింది.