శుక్రవారం మధ్యాహ్నం, పాతిక సెంట్లు

1881 మార్చిలో బోస్టన్ పత్రికల్లో ఒక ప్రకటన పడింది. హెన్రీ లీ హిగ్గిన్సన్ అనే బ్యాంకరు తన సొంత డబ్బుతో ఆ ఊరికి ఒక ఆర్కెస్ట్రా పెడుతున్నాడు. శనివారం సాయంత్రం కచేరీలు. టికెట్టు సీటును బట్టి 75 సెంట్లు లేదా 25. వీటితోపాటు వారానికొక మధ్యాహ్నం రిహార్సల్‌కు కూడా జనాన్ని రానిస్తారు. ఎవరికైనా 25 సెంట్లే, రిజర్వేషన్ లేదు, ముందొచ్చినవాళ్లకు ముందు సీటు. ఆ ప్రకటనలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ చివరి ఏర్పాటే. హిగ్గిన్సన్ కుర్రతనంలో వియన్నాలో సంగీతం నేర్చుకున్నాడు. ఆర్కెస్ట్రాకు నష్టం వచ్చినప్పుడల్లా 1918 దాకా తనే భరించాడు.

నేను విజయనగరంలో వయొలిన్ నేర్చుకున్నదాన్ని. మా కచేరీలకు రిహార్సల్ ఉండదు. మృదంగం వాయించే ఆయన్ని ఒక్కోసారి వేదిక మీదే మొదటిసారి చూస్తాం. గాయకుడు రాగం ఎత్తుకున్నాక ఆయన వెంట నడవాల్సిందే. అలాంటి నాకు, బోస్టన్‌లో అంతమంది వాద్యకారులు నలుగురి ముందు కూర్చుని ఒకే చరణాన్ని మళ్లీ మళ్లీ దిద్దుకోవడం చూడటం పెద్ద చదువే అయింది.

హిగ్గిన్సన్ తలపెట్టిన రిహార్సల్ మాత్రం ఎక్కువ కాలం రిహార్సల్‌గా మిగల్లేదు. 1900 అక్టోబరు 15న ఆ ఆర్కెస్ట్రా సొంత హాలైన సింఫనీ హాలు తెరిచేనాటికి శుక్రవారం మధ్యాహ్నం జరిగేది పూర్తి కచేరీయే. మధ్యలో ఆపడాలు, దిద్దడాలు లేవు. కలిగిన ఇళ్ల స్త్రీలు సీజనంతటికీ సీట్లు కొనేసుకునేవారు. అయినా పై బాల్కనీలో కొన్ని పాతిక సెంట్ల సీట్లు అలాగే ఉంచారు. వాటి కోసం విద్యార్థులు బయట బారులు తీరేవారు. హిగ్గిన్సన్ మాట ఆ బాల్కనీలో నిలబడిందని నేననుకుంటాను.

కొన్ని కొత్త పియానో కాన్చెర్టోలు, అంటే ఒక్క పియానో ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచనలు, మొదట ఎదుర్కొన్నదీ ఈ శుక్రవారపు శ్రోతలనే. 1927 జనవరి 28న అమెరికన్ స్వరకర్త ఆరన్ కోప్లండ్ తన కాన్చెర్టోను తానే వాయించాడు. అప్పటికి అతనికి 26 ఏళ్లు. కండక్ట్ చేసింది ఆర్కెస్ట్రా అప్పటి కండక్టరు కుసెవిట్స్కీ. మొదట మందగతిలో బ్లూస్, ఆ తర్వాత జాజ్ లయల్లో తెగి తెగి పరిగెత్తే భాగం. బోస్టన్ విమర్శకులు మండిపడ్డారు. 1967 జనవరి 6, అదీ శుక్రవారమే: ఎలియట్ కార్టర్ కాన్చెర్టోను జాకబ్ లటైనర్ వాయించాడు. పియానో పక్షాన ఏడు వాద్యాల చిన్న బృందం, ఎదుట మిగతా ఆర్కెస్ట్రా అంతా. తీగవాద్యాలు ఒక్కొక్కటీ ఒక్కో స్వరం పట్టుకుని, పియానోకు ఊపిరాడనివ్వనంత దట్టంగా కమ్ముకుంటాయి. బెర్లిన్‌ను గోడ చీల్చిన రోజుల్లో కార్టర్ అక్కడ ఉంటూ రాసిన సంగీతం అది.

ఇలాంటిదాన్ని ఒక్కసారి విని మంచిచెడ్డలు తేల్చమనడం అన్యాయం. ఇప్పుడు సింఫనీ హాలులో కొన్ని ఉదయాలు అసలైన రిహార్సళ్లను చూడనిస్తున్నారు. టికెట్టు కచేరీకన్నా చవక. వాద్యకారులు మామూలు బట్టల్లో వస్తారు. కండక్టరు చెయ్యెత్తి ఆపుతాడు, స్కోరులో గుర్తుగా వేసిన అక్షరం చెబుతాడు, వయొలాలను మాత్రమే వాయించమంటాడు. అంతవరకూ ఒకే రొదగా తోచినదాంట్లోంచి ఒక లయ విడిగా వినిపిస్తుంది. తర్వాత పియానోను కలుపుతాడు. రెండు లయలూ ఒకదాన్నొకటి ఎక్కడ ఒరుసుకుంటున్నాయో అప్పుడు తెలుస్తుంది. మళ్లీ అందరూ కలిసి వాయించినప్పుడు నా చెవి ఆ వయొలాల వెంటే పోతుంది. సాయంత్రపు కచేరీలో ఎంత ఖరీదైన సీటులో కూర్చున్నా ఇది దొరకదు.

పైగా కొత్త కాన్చెర్టో అయితే స్వరకర్త బతికే ఉంటాడు, సందేహం వస్తే అడగొచ్చు. చైకోవ్‌స్కీ మొదటి పియానో కాన్చెర్టోను లోకం మొదట విన్నది కూడా ఈ ఊళ్లోనే, 1875 అక్టోబరు 25న. కానీ అందులో ఒక చోట సందేహం వస్తే ఇప్పుడు అడగడానికి ఆయన లేడు. థామస్ అడెస్ కాన్చెర్టో 2019 మార్చి 7న ఇక్కడ తొలిసారి వినిపించినప్పుడు కిరిల్ గెర్‌స్టైన్ పియానో వాయిస్తే, రాసిన అడెసే కండక్ట్ చేశాడు.

బోస్టన్ చుట్టుపక్కల పిల్లలకు పియానో నేర్పిస్తున్న మన తల్లిదండ్రులకు ఒక మనవి. కచేరీకన్నా ముందు వాళ్లను రిహార్సల్‌కు తీసుకెళ్లండి. బేథోవెన్ ఉన్న రోజు కోసం చూడకండి. మీరెన్నడూ పేరు వినని, ఇంకా బతికున్న స్వరకర్త కాన్చెర్టో ఉన్న రోజు చూసి టికెట్లు కొనండి.