నడిరాత్రి గడియారం చూస్తే నిద్ర ఎందుకు పారిపోతుంది?

పెన్షన్ కాగితాల కోసమో, కులధ్రువీకరణ పత్రం పని మీదనో మా తెలుగు సంఘం ఆఫీసుకు వచ్చే పెద్దవాళ్ళు పని అయిపోయాక కాసేపు కూర్చుంటారు. పదిమందిలో నలుగురు నిద్ర సంగతి ఎత్తుతారు. వాళ్ళను నేను అడిగేది ఒకటే: రాత్రి మెలకువ వచ్చినప్పుడు టైం చూస్తారా? చూడని మనిషి ఇంతవరకు నాకు తగల్లేదు. పైగా లెక్క అప్పజెబుతారు. 12.30కి ఒకసారి, 2.20కి ఒకసారి, 4 కొట్టాక మళ్ళీ.

నాదీ అదే బాపతు. షోలాపూర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగిరీ చేసి రిటైరయ్యాను. వీడ్కోలు సభలో శాలువా కప్పి ఒక గోడ గడియారం ఇచ్చారు. ముళ్ళు చీకట్లో పచ్చగా మెరిసేవి. దాన్ని మంచానికి ఎదురుగా తగిలించాను. ఏడాది తిరక్కుండా నిద్ర చెడింది. ఒక నోటుపుస్తకం పెట్టి, ఎన్ని గంటలకు మెలకువ వచ్చిందో, మళ్ళీ ఎప్పుడు కన్ను మూతపడిందో తారీఖు వేసి రాసుకునేవాణ్ణి. రాసేకొద్దీ ఎక్కువైంది. తర్వాత ఎవరిదో పాత చీటీ పట్టుకుని ఒక మందుల షాపులో నిద్ర మాత్రలు కొన్నాను. పడుకునేముందు ఒకటి. గడియారంలో రెండు దాటితే ఇంకో సగం. ఈ రెండో నిబంధన నేనే పెట్టుకున్నాను. అలా సగం ముక్క వేసుకున్న ఒక రాత్రి బాత్రూంలో పడి మణికట్టు విరిగింది. కట్టు కట్టిన తర్వాత నిద్ర సంగతి చూసిన డాక్టరు నా నోటుపుస్తకం తిరగేసి ఒకే మాట అడిగారు: "టైం తెలియకపోతే ఆ సగం ముక్క వేసుకునేవారా?" వేసుకునేవాణ్ణి కాదు.

అందుకే ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాను. ఇందులో ఖర్చు లేదు, మందు లేదు. కానీ ఎందుకు పనిచేస్తుందో తెలియకపోతే మూడో రోజుకే మానేస్తాం.

మెలకువ రావడం జబ్బు కాదు

మనిషి నిద్ర ఏకబిగిన సాగదు. తేలిక నిద్ర, గాఢ నిద్ర, కలల నిద్ర కలిపి ఒక విడత దాదాపు 90 నిమిషాలు. రాత్రికి అలాంటివి నాలుగైదు. ఒక విడతకూ ఇంకో విడతకూ మధ్య క్షణకాలం మెలకువ రావడం చిన్నపిల్లలకైనా సహజమే. వాళ్ళకు గుర్తుండదు, అంతే. వయసు పెరిగేకొద్దీ గాఢ నిద్ర తగ్గుతుంది, మెలకువలు ఎక్కువవుతాయి, సాయంత్రం తొందరగా కునుకు వచ్చి తెల్లవారుజామున తొందరగా తెలివి వస్తుంది. ముప్పై ఏళ్ళప్పటి నిద్రతో అరవై అయిదేళ్ళ నిద్రను సరిచూసుకోవడంలోనే సగం బాధ ఉంది.

చిక్కల్లా మెలకువ వచ్చిన తర్వాత చేసే పనిలో ఉంది. 2.20 అని చూడగానే మనసు తీసివేత మొదలుపెడుతుంది. ఆరింటికి లేవాలి, ఇంక మూడు గంటల నలభై నిమిషాలే. ఇప్పుడు పట్టకపోతే రేపు పని సాగదు, బీపీ పెరుగుతుంది. ఈ లెక్కకు గుండె వేగం పెరుగుతుంది, ఒళ్ళు బిగుసుకుంటుంది. నిద్ర మత్తులో అటు తిరిగి పడుకోవలసిన మనిషి పూర్తిగా తెలివిలోకి వస్తాడు. కాసేపటికి మళ్ళీ చూస్తాడు. 2.50. అర్ధగంట పోయిందన్న బెంగ ఇంకొకటి. నాలుగు రాత్రులు ఇలా గడిస్తే అయిదో రాత్రి మంచం చూస్తేనే భయం వేస్తుంది.

మన అమ్మమ్మలకు ఈ బాధ తక్కువ. వాళ్ళ రాత్రికి నాలుగు జాములు, జాముకు మూడు గంటలు. మెలకువ వస్తే రెండో జామో మూడో జామో అనుకుని దుప్పటి లాక్కునేవారు. గడియ అన్నా 24 నిమిషాలు. అంత పెద్ద కొలతతో నిమిషాల తీసివేత కుదరదు కదా.

ఇది నా ఒక్కడి అనుభవం మీద చెబుతున్న మాట కాదు. 2007లో నికోల్ టాంగ్, ఆమె సహ పరిశోధకులు నిద్రలేమి ఉన్నవాళ్ళలో కొందరి పక్కన గడియారం, మరికొందరి పక్కన అలాగే అంకెలు మారుతూ ఉండే, టైం మాత్రం చెప్పని పెట్టె ఉంచి చూశారు. గడియారం చూసినవాళ్ళకే బెంగ ఎక్కువైంది, తమకు నిద్ర పట్టడానికి చాలాసేపు పట్టిందని కూడా వాళ్ళే చెప్పారు. 2023లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన స్పెన్సర్ డాసన్ బృందం, ఒక నిద్ర చికిత్సా కేంద్రానికి వచ్చిన దాదాపు 5,000 మంది సమాధానాలు పరిశీలించింది. టైం చూసుకునే అలవాటు నిద్రలేమిని పెంచుతోందనీ, ఆ చిరాకే జనాన్ని నిద్ర మాత్రల వైపు నెడుతోందనీ తేల్చింది. ఆ వార్త చదివినప్పుడు నా సగం ముక్క గుర్తొచ్చింది.

ఏం చేయాలి

పడుకున్న చోటి నుంచి ఏ గడియారమూ కనబడకూడదు. గోడది తీసి వంటింట్లోకి మార్చండి. మార్చే వీలు లేకపోతే రాత్రిపూట తువ్వాలు కప్పండి. టిక్కుటిక్కుమనేదీ గంటలు కొట్టేదీ అయితే గదిలోనే వద్దు. చేతి గడియారం, అడుగులు లెక్కపెట్టే పట్టీ విప్పి బీరువాలో పెట్టండి. బాత్రూంకు వెళ్ళే దారిలో హాల్లో ఒకటి వేలాడుతుంటుంది, దాన్ని మర్చిపోతాం. నేను పది రోజులు మర్చిపోయాను.

అసలు దొంగ ఫోను. ఈ రోజుల్లో దిండు కింద ఉండే గడియారం అదే. టైం కోసం తీస్తాం, వెలుగు కళ్ళలో పడుతుంది, కొడుకు పంపిన మెసేజీ కనబడుతుంది, కుటుంబం గ్రూపులో ఎవరో పోయారని ఫోటో ఉంటుంది. ఇంకేం నిద్ర? అలారం పెట్టి, మంచం మీది నుంచి చెయ్యి చాచినా అందనంత దూరంలో బోర్లించి పెట్టండి. పరదేశంలో పిల్లలున్నవాళ్ళు అత్యవసరంగా ఫోను వస్తే ఎలా అంటారు. గంట మోగేటట్టు ఉంచితే చాలు, చూస్తూ ఉండనక్కర్లేదు.

రాత్రి మెలకువ వస్తే టైం ఊహించడం కూడా వద్దు. అలారం మోగలేదంటే ఇంకా పడుకునే టైమే. ఆ ఒక్క సంగతి తెలిస్తే చాలు. అలారం మీద నమ్మకం లేనివాళ్ళు మొదటి వారం రెండు పెట్టుకోండి.

ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పాలి. మా ఆవిడకు కూడా తెలివి వచ్చేది. "ఏమండీ, టైమెంతయింది?" అని అడిగేది, నేను చూసి చెప్పేవాణ్ణి, ఇద్దరమూ కలిసి లెక్క వేసేవాళ్ళం. ఇప్పుడు రాత్రిపూట మా ఇంట్లో ఎవరూ టైం అడగరు, చెప్పరు. మొదట్లో నేను తప్పి హాల్లోకి తొంగి చూస్తే, "మళ్ళీ చూశారా?" అని చీకట్లోంచే పట్టుకునేది.

మన ఇళ్ళలో వచ్చే చిక్కులు

పుస్తకాల్లో లేనివి ఇవి. షోలాపూర్‌లో కుళాయి నీళ్ళు రోజూ రావు. వచ్చే రోజు కూడా ఏ వేళకు వస్తాయో మన చేతిలో లేదు. నీళ్ళ రాత్రి అంటే ఇంటిల్లిపాదీ సగం కన్ను తెరిచి గడియారం చూస్తూ పడుకోవడమే. మా గల్లీలో ఒక ఏర్పాటు చేసుకున్నాం. నాలుగిళ్ళవాళ్ళు వంతులవారీగా ఒకరే కాచుకుని ఉంటారు. నీళ్ళు రాగానే మిగిలిన మూడు తలుపులు కొడతారు. మన వంతు వచ్చిన రాత్రి నిద్ర పోతుంది, ఒప్పుకోవాలి. మిగతా మూడు రాత్రులైనా దక్కుతాయి.

పక్క సందులో మరమగ్గాలు నడుస్తుంటాయి. షిఫ్టు మారేటప్పుడు చప్పుడు ఆగి మళ్ళీ మొదలవుతుంది. తెల్లవారుజామున గుడి మైకు, మసీదు మైకు ఉండనే ఉన్నాయి. వీటిని బట్టి కూడా టైం తెలిసిపోతుంది. తెలిస్తే తెలిసింది. దాన్ని పట్టుకుని తీసివేత మొదలుపెట్టకపోవడమే మన వంతు. మగ్గం మీద రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది, కాకపోతే కిటికీకి మందపాటి చాదరు కట్టాలి. చాదర్లకు మన ఊళ్ళో కరువా!

వేళకు మందు వేయవలసిన రోగి ఇంట్లో ఉంటే ఆ వేళకు అలారం పెట్టండి. కాపలా పని అలారానిది.

గడియారం తీసేస్తే చాలదు

దీనితోపాటు ఇంకో నాలుగు సంగతులు కుదరాలి. ఇవి 1972లో రిచర్డ్ బూట్జిన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన పద్ధతిలోవి. ఇప్పటికీ డాక్టర్లు ఇవే చెబుతున్నారు. నిద్ర వస్తేనే మంచం ఎక్కాలి. తొమ్మిదయింది కనుక పడుకోవాలి అనుకోవద్దు. పట్టక దొర్లుతుంటే లేచి ఇంకో చోట కూర్చుని, మసక వెలుతురులో ఆసక్తి లేని పని ఏదైనా చేసి, కళ్ళు మూతలు పడ్డాకే తిరిగి రావాలి. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకు లేవాలి. పగటి నిద్ర మానుకోవాలి. మానలేనివాళ్ళు మధ్యాహ్నం అర్ధగంటతో సరిపెట్టుకోవాలి.

దొర్లుతూ ఎంతసేపు చూడాలి అంటే దాదాపు ఇరవై నిమిషాలు అంటారు. ఇక్కడ చాలామంది పొరబడి ఇరవై నిమిషాలు అయిందా అని గడియారం చూస్తారు! అక్కర్లేదు. చిరాకు మొదలైందంటే ఆ ఇరవై నిమిషాలు అయినట్టే.

టీ సంగతి చెబితే మా వాళ్ళకు కోపం. కాని అందులోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన టీ పదకొండింటికి కూడా సగం పనిచేస్తూనే ఉంటుందన్నమాట. మధ్యాహ్నం తర్వాత వద్దు.

లెక్క రాసే అలవాటున్నవాళ్ళు, నాలాంటివాళ్ళు, పొద్దున కాఫీ అయ్యాక రాయండి. నిద్ర ఎలా పట్టింది, సుమారుగా ఎన్నిసార్లు లేచాను, పగలు ఎలా ఉన్నాను. అంచనా చాలు. రాత్రి కలం ముట్టవద్దు.

మొదటి మూడు నాలుగు రాత్రులు చెయ్యి లాగుతుంది. నాకు బీడీ మానినప్పటి మాదిరే అనిపించింది. రెండు వారాలు గట్టిగా పట్టండి. మెలకువలు పూర్తిగా పోవు. నాకిప్పటికీ రెండుసార్లు వస్తాయి. ఎన్నింటికో నాకు తెలియదు, తిరిగి పడుకుంటాను.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు

వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. అప్పుడు సొంత వైద్యం చాలదు. ముందుగా మాత్ర కాదు, పైన చెప్పిన అలవాట్ల చికిత్సనే క్రమపద్ధతిలో ఇవ్వాలని అమెరికా వైద్యుల సంఘం 2016లో సూచించింది. మీ డాక్టరును దాని గురించి అడగండి.

గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందని పక్కవాళ్ళు చెబితే ఆలస్యం చేయవద్దు. అది వేరే జబ్బు, గడియారం తీసేస్తే పోదు. కాళ్ళు లాగి కదపకుండా ఉండలేకపోవడం, రాత్రి పదేపదే మూత్రానికి లేవడం, దేనిమీదా మనసు నిలవక తెల్లవారుజామునే మెలకువ వచ్చి దిగులు ఆవరించడం, ఇవి కూడా అంతే.

నిద్ర మాత్రలు ఇప్పటికే వాడుతున్నవాళ్ళకు ఒక హెచ్చరిక. ఇది చదివి ఈ రాత్రే ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ వంటివి రావచ్చు. నాకు డాక్టరు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించారు.

మన ఆడవాళ్ళలో చాలామందికి సంతలో బేరానికి సరిపడా మరాఠీయో, తమిళమో, ఒడియానో వచ్చు కాని రాత్రి పడే బాధ చెప్పుకోవాలంటే తెలుగే కావాలి. అలాంటివారి కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, ఫోనులో భాష ఎంచుకోవచ్చు, అందులో తెలుగు ఉంది. నిద్రలేమి గురించి కూడా మాట్లాడవచ్చు. నంబరు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి గోడకు అంటించండి, గడియారం తీసేసిన మేకు పక్కన చోటు ఖాళీగానే ఉంటుంది.