ఫారిన్‌లో లోకల్స్‌తో కనెక్ట్ అవ్వడం: 400 ఏళ్ల కిందటి మన తీరం కథ

కాళాస్తి నుంచి మీ వాడిని. పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువగా వచ్చిన కామెంట్ ఏంటంటే, "అన్నా, ఫారిన్‌లో చిన్న ఊరికి పోతే లోకల్స్‌తో ఎలా కలవాలి?" నేను టిప్స్ చెప్పే మనిషిని కాదు. కాబట్టి కథ తిరగేసి చెప్తా. 400 ఏళ్ల కిందట ఒక ఫారినర్ మన దగ్గరి సముద్రపు ఊళ్లోకి వచ్చాడు. అతను మనవాళ్లతో ఎలా కలిశాడు, దాని వల్ల ఏమైంది, అది చూద్దాం.

ఊరి పేరు దుగరాజపట్నం, వాకాడు మండలం. ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. ఇంగ్లీష్ ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో దిగింది. అక్కడ అధికారులతో గొడవలు, డచ్చివాళ్లతో పోటీ. అందుకని 1626లో దుగరాజపట్నంలో ఒక చిన్న స్థావరం పెట్టుకున్నారు. అక్కడ వాళ్లకి సాయం చేసినతను ఆరుముగం ముదలియార్ అనే లోకల్ పెద్దమనిషి అంటారు. ఇంగ్లీషువాళ్లు ఆ ఊరికి ఆయన పేరే పెట్టేశారు. ఆరుముగం వాళ్ల నోట్లో పడి 'ఆర్మగాన్' అయింది. ఊరి అసలు పేరు కంటే సాయం చేసిన మనిషి పేరే వాళ్లకి ముఖ్యమైంది చూడండి!

కానీ అక్కడ వ్యాపారం సాగలేదు. వాళ్లకి కావలసింది మంచి నూలు బట్ట, అది సరిగ్గా దొరకలేదు. స్థానిక పాలకుడితో కూడా పేచీలే. అప్పుడు ఆ స్థావరం పెద్ద ఫ్రాన్సిస్ డే దక్షిణంగా చోటు వెతుక్కుంటూ బయల్దేరాడు.

ఇప్పుడు మన కాళాస్తి ఎంటర్ అవుతుంది. ఆ తీరమంతా విజయనగర రాజు కింద పనిచేసే దామెర్ల వెంకటప్ప నాయకుడి చేతిలో ఉంది. కొన్ని పుస్తకాల్లో వెంకటాద్రి అని రాస్తారు, మనిషి ఒకడే. తర్వాత మన కాళహస్తి జమీందార్లు కూడా దామెర్ల వంశమే. వెంకటప్ప వందవాసిలో ఉండేవాడు. తమ్ముడు అయ్యప్ప పూనమల్లిలో. డేతో ఎక్కువ మాట్లాడింది ఈ తమ్ముడే.

వాళ్లేం ఊరికే జాలిపడి చోటివ్వలేదు, వాళ్ల లెక్క వాళ్లకుంది. ఉత్తరాన పులికాట్‌లో డచ్చివాళ్లు, దక్షిణాన శాంథోమ్‌లో పోర్చుగీసువాళ్లు. మధ్యలో తమకంటూ ఒక రేవు ఉంటే సుంకం వస్తుంది, యుద్ధానికి పర్షియా గుర్రాలు వస్తాయి. డే లెక్క ఇంకోటి. ఇక్కడ బట్ట చవగ్గా వస్తుందని పైవాళ్లకి రాశాడు. శాంథోమ్‌లో అతనికి ఒక ప్రియురాలు ఉందని, ఆ చోటు మీద మోజు అందుకేనని కంపెనీవాళ్లే చెప్పుకున్నారు. నిజమో కాదో గానీ, గాసిప్ మాత్రం రికార్డులకెక్కింది!

సరే, భాష సంగతి? డేకి తెలుగు, తమిళం రావు. మధ్యలో బేరి తిమ్మప్ప అనే తెలుగు వర్తకుడు నిలబడ్డాడు. ఇలాంటివాళ్లని దుబాషీలు అనేవాళ్లు, అంటే ద్విభాషి, రెండు భాషలవాడు. నాకు ఈ కథలో అసలు హీరో ఇతనే. సాఫ్ట్‌వేర్‌లో రెండు సిస్టమ్స్ మధ్య ఇంటర్‌ఫేస్ రాసినవాళ్లకి ఇతని తలనొప్పి అర్థమవుతుంది.

1639 ఆగస్టు 22న మద్రాసపట్నం దగ్గర కోట కట్టుకోవడానికి నాయకుడు అనుమతి పత్రం ఇచ్చాడు. ఇంగ్లీషువాళ్ల సరుకుకి సుంకం లేదు, రేవులో వచ్చే మిగతా సుంకంలో సగం వాళ్లకే. ఇక్కడే కిరికిరి మొదలైంది. కోట ఖర్చు నాయకుడిదే అనుకున్నాడు డే. నాయకుడేమో నేను అలా ఒప్పుకోలేదన్నాడు. పత్రం ఒకటే, ఎవరికి కావలసినట్టు వాళ్లు చదువుకున్నారు. చివరికి కోట కంపెనీ డబ్బుతోనే లేచింది, అదే సెయింట్ జార్జి కోట. 1640 ఫిబ్రవరిలో డే, అతని పైఅధికారి ఆండ్రూ కోగన్ ఆర్మగాన్ వదిలేసి అక్కడికి చేరారు. నేతగాళ్లని పిలిచి కాపురం పెట్టించారు. కోట పక్కన లేచిన ఊరికి అన్నదమ్ములు వాళ్ల నాన్న చెన్నప్ప పేరు పెట్టించారు: చెన్నపట్నం. మా అవ్వ చనిపోయేదాకా ఆ ఊరిని ఆ పేరుతోనే పిలిచింది.

పదేళ్లు కూడా తిరక్కుండానే గోల్కొండ సేనలు ఈ తీరాన్ని పట్టేశాయి. చోటిచ్చిన నాయకుల పెత్తనం పోయింది. చోటు అడుక్కున్నవాళ్లు మాత్రం 1947 దాకా కదల్లేదు. ఆ రోజు అయ్యప్ప నాయకుడు డేని పిలవకుండా ఉండాల్సిందా? కొందరు అలాగే అంటారు. నాకైతే అలా అనిపించదు. అతని కంటికి కనబడింది పడవలేసుకొచ్చిన కొద్దిమంది వర్తకులు, అంతే. డచ్చివాళ్లకీ పోర్చుగీసువాళ్లకీ చోటు దొరికినప్పుడు వీళ్లని ఎందుకు వద్దంటాడు?

పోయిన నెల నాయుడుపేట మీదుగా బండేసుకుని దుగరాజపట్నం పోయాను. కోట చూపించమని అడిగితే ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏం కోట నాయనా, ముందు టీ తాగు" అన్నాడు. టీ తాగుతూ రెండు గంటలు చేపల రేట్లు మాట్లాడుకున్నాం. కోట కనబడలేదు. ఆరుముగం పేరు మాత్రం ఇంకా ఉంది. ఆ తీరంలో లైట్‌హౌస్‌ని ఇప్పటికీ ఆర్మగాన్ అనే అంటారు.