ప్రాసెసర్ శీతలీకరణ

డెస్క్‌టాప్ కంప్యూటర్ ప్రాసెసర్‌లో పుట్టే వేడిని బయటికి పంపే ఏర్పాటు. థర్మల్ పేస్టు, హీట్‌సింక్, ఫ్యాను ఇందులో ప్రధాన భాగాలు. చాలా ప్రాసెసర్లు 95–100 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. వేడి ఇంకా పెరిగితే కంప్యూటర్ ఆగిపోతుంది.

ఉత్తర తెలంగాణలో: ఫ్యాను కూలర్ ఏదైనా ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రత కంటే దిగువకు చల్లబరచలేదు. 25 డిగ్రీల గదిలో 70 దగ్గర నడిచే ప్రాసెసర్, 40 డిగ్రీల గదిలో అదే పనికి సుమారు 85కు చేరుతుంది. ఆదిలాబాద్, రామగుండం ప్రాంతాల్లో ఎండాకాలం పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి కూలర్ ఎంపికలో ఈ తేడా కీలకం. సింగరేణి బొగ్గు గనులు, కరీంనగర్ గ్రానైట్ క్వారీల పరిసరాల్లో దుమ్ము హీట్‌సింక్ రేకుల మధ్య పేరుకుని గాలిని అడ్డుకుంటుంది.

ఎంపిక: మొదట దుమ్ము దులిపి, పాత పేస్టు తుడిచి కొత్తది పూయాలి. వేడి తగ్గకపోతే హీట్‌పైపులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్ మేలు. కొనేముందు సాకెట్ రకం, క్యాబినెట్‌లో పట్టే ఎత్తు, ప్రాసెసర్ వాట్లు సరిచూడాలి. లిక్విడ్ కూలర్ ఎక్కువ వాట్ల ప్రాసెసర్లకు ఉపయోగకరం. అయితే దాని పంపు ఆగితే వేడి వేగంగా పెరుగుతుంది. గదిని చల్లబరిచే ఎయిర్ కూలర్ తేమగాలి క్యాబినెట్‌కు నేరుగా తగలనివ్వకూడదు.