మాత్రకు ముందు, మాత్రకు పిదప

‘కొద్దిపాటి నొప్పి యుండును, ఓర్చుకొనవలెను’ - ఆసుపత్రిలో పడక లేకయే జరిపి, ఆనాడే యింటికి పంపివేయు స్త్రీల చికిత్సలకు ముందు చిరకాలముగా వినవచ్చుచున్న మాట యిది. ఈ మాటకు వైద్యశాస్త్ర మెట్లు బదులు చెప్పినదో నేటి ప్రసంగమున పరిశీలింతము.

1847లో ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ ప్రసవవేదనకు క్లోరోఫారం వాడగా, ఆ వేదన ప్రకృతిసిద్ధమనియు, దానిని తొలగింపరాదనియు వైద్యులలోనే కొందరు వాదించిరి. 1853లో విక్టోరియా రాణికి జాన్ స్నో క్లోరోఫారం ఇచ్చిన పిదప ఆ వాదము బలహీనపడినది. కాని కొద్ది నిమిషములలో ముగియు చికిత్సకు పూర్తి మత్తు ఈయుట వ్యయముతోను, కొంత అపాయముతోను కూడిన పని. అందుచేత నోట మ్రింగు మాత్రపై ఆశ నిలిచినది.

ఆస్పిరిన్ 1899లోనే అమ్మకమునకు వచ్చినది. అది నొప్పి నెట్లు తగ్గించునో మాత్రము డెబ్బది యేండ్లు తెలియలేదు. ఋతుస్రావములో కండరములను ముడుచుకొనజేయు పదార్థము కలదని 1957లో ఇంగ్లండునందు పికిల్స్ ప్రకటించెను. ఇట్టి పదార్థములే ప్రోస్టాగ్లాండినులు. ఆస్పిరిన్ వంటి మందులు వీని ఉత్పత్తినే అడ్డగించునని 1971లో జాన్ వేన్ నిరూపించెను. 1982లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. ఐబుప్రొఫెన్ 1969లోనే బ్రిటనులో వాడుకకు వచ్చియుండెను.

ఇందుండి ఒక ముఖ్యవిషయము తేలినది. ఈ మందు పుట్టబోవు ప్రోస్టాగ్లాండినులను ఆపునే గాని, పుట్టినవానిని తొలగింపదు. కావున నొప్పి మొదలైన పిదప మ్రింగుటకంటె ముందుగా మ్రింగుట మేలు. గర్భాశయములోనికి సన్నని దర్శిని పంపి చూచు హిస్టెరోస్కోపీకి సుమారు ఒక గంట ముందు, మందు సరిపడనివారు తప్ప తక్కినవారు ఇట్టి మాత్ర తీసికొనుటను ఆలోచింపవలెనని బ్రిటనులోని ప్రసూతి, స్త్రీరోగ వైద్యుల రాయల్ కళాశాల 2011లో సూచించినది.

అయినను మాత్రకు హద్దు కలదు. గర్భాశయము ముడుచుకొనుట వలని నొప్పి వేరు. గర్భాశయ కంఠమును పట్టి, సాగదీయుట వలని నొప్పి వేరు. రెండవదానిపై ఈ మాత్రల ప్రభావము స్వల్పము. లూప్ అమర్చునప్పటి నొప్పిని ఐబుప్రొఫెన్ తగ్గింపలేదని 2015లో వెలువడిన కోక్రేన్ సమీక్ష తేల్చినది. నాప్రాక్సెన్ వలన కొంత ఫలితము కానవచ్చినది. అచ్చట కొందరికి తిమ్మిరి మందు అవసరమగును.

మన దేశమున 1965లో లూప్ ప్రచారము విరివిగా సాగినది. నొప్పి, రక్తస్రావములవలన పెక్కుమంది స్త్రీలు దానిని తీయించుకొనిరి. కొద్దిదని త్రోసివేసిన నొప్పియు ఒక మహాకార్యక్రమమునకు అడ్డుపడినది. 2024లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యసంస్థ, లూప్ అమర్చుటకు ముందే కలుగబోవు నొప్పిని, అందుబాటులోనున్న ఉపాయములను ప్రతి స్త్రీకిని తెలుపవలెనని సూచించినది. సింప్సన్ నాటినుండి దాదాపు నూట డెబ్బదియేడు సంవత్సరములకు వచ్చిన సూచన యిది. చికిత్సకు పోవు మన సోదరీమణులు ముందుగా ఏ మందు, ఎప్పుడు, ఎంత అని వైద్యుని అడుగుటకు సంకోచింపనక్కరలేదు.