స్మారక పాపీ పూల తయారీ

యుద్ధంలో మరణించిన సైనికుల జ్ఞాపకార్థం గుడ్డ, కాగితం, ఊలు, పింగాణీ వంటి వాటితో చేసే ఎర్రని పూలను స్మారక పాపీలు అంటారు. వీటికి నమూనా అయిన పువ్వు, మన వంటింటి గసగసాల మొక్కకు దాయాది అయిన మరో జాతి. ఐరోపా పొలాల్లో కలుపుగా పెరుగుతుంది. నేల కదిలి వెలుతురు తగిలితే దీని విత్తనాలు మొలకెత్తుతాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్లు తిరగేసిన బెల్జియం, ఫ్రాన్స్ నేలల్లో ఇవి విరగబూయడానికి కారణం అదే.

తొలి దశ (1915–1926)

కెనడా సైనిక వైద్యుడు జాన్ మెక్రే 1915లో రాసిన ‘ఇన్ ఫ్లాండర్స్ ఫీల్డ్స్’ కవితతో ఈ పువ్వు ప్రసిద్ధికెక్కింది. అది చదివి 1918 నవంబరులో అమెరికా అధ్యాపకురాలు మొయినా మైకేల్ పట్టు పాపీని ధరించి, తోటివారికీ పంచింది. ఫ్రెంచి మహిళ అన్నా గెరాన్ యుద్ధ వితంతువుల చేత, అనాథల చేత పూలు చేయించి, వాటిని దేశదేశాల్లో అమ్మించే ఏర్పాటు చేసింది. 1921లో ఆస్ట్రేలియా ఫ్రాన్సు నుంచి 10 లక్షల పట్టు పూలు తెప్పించింది. ఒక్కొక్కటి ఒక షిల్లింగు. అందులో 5 పెన్నీలు ఫ్రెంచి పిల్లల సహాయ నిధికి చేరాయి. న్యూజిలాండ్‌కు పూల ఓడ ఆలస్యంగా రావడంతో అక్కడ పూలు అమ్మే పాపీ దినం 1922 ఏప్రిల్ 24కు వాయిదా పడింది.

1922లో మేజర్ జార్జ్ హౌసన్ లండన్‌లో అంగవికలురైన అయిదుగురు మాజీ సైనికులతో పాపీ కర్మాగారం ప్రారంభించాడు. వైకల్యం ఉన్నవారు కూడా సులువుగా జోడించగలిగేలా పువ్వును రూపొందించడం అక్కడి విశేషం. ఎడిన్‌బరోలో బ్రిటిష్ సేనాధిపతి భార్య లేడీ హేగ్ పేరిట మరో కర్మాగారం 1926లో వెలిసింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో పూల తయారీ చాలావరకు ఇటువంటి కర్మాగారాలకే పరిమితమైంది.

ఐదు వేల పాపీలు

చేతిపనిని తిరిగి ఇళ్లకు చేర్చినవారిలో మెల్‌బోర్న్‌కు చెందిన లిన్ బెర్రీ, మార్గరెట్ నైట్‌లు ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన తమ తండ్రుల స్మృతికి 2013లో 120 పూలు అల్లాలనుకున్న ఈ ఇద్దరూ, 2015 ఆన్జాక్ దినానికి 5,000 పూలు సేకరించాలని పిలుపునిచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీలోని గల్లిపోలిలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సేనలు దిగిన రోజే ఆన్జాక్ దినం; అప్పటికి దానికి వందేళ్లు. వచ్చిన పూలు రెండున్నర లక్షలు దాటాయి. వాటితో మెల్‌బోర్న్‌లోని ఫెడరేషన్ స్క్వేర్ ఎర్రబారింది. 2016లో లండన్ చెల్సీ పూల ప్రదర్శనలో తోటల రూపశిల్పి ఫిలిప్ జాన్సన్ రూపకల్పనతో దాదాపు 3 లక్షల పూలు పరిచారు. 2018లో కాన్‌బెరాలోని యుద్ధ స్మారకం ఆవరణలో, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా కోల్పోయిన ప్రాణాలకు గుర్తుగా 62,000 చేతి పూలు నిలబెట్టారు.

తయారీ కష్టమైనది కాదు. నరసాపురం లేసు అల్లే సూది వంటి కొక్కెపు సూదితోనే ఎర్ర ఊలు ముడివేసి, గుండ్రంగా చుట్టూ అల్లుకుంటూ పోతారు. అంచున కుట్లు పెంచితే రేకులు ముడతలు పడి విచ్చుకున్నట్టు కనిపిస్తాయి. నడుమ నల్ల ఊలో, గుండీయో కుడతారు. అల్లిక రానివారు ఫెల్టు గుడ్డను రేకులుగా కత్తిరించి కుడతారు. తమ పూలను బంధువులైన సైనికులకు అంకితమిచ్చి ఈ సేకరణకు పంపినవారు ఎందరో.

ఇతర రూపాలు

2014లో లండన్ టవర్ కందకంలో కళాకారులు పాల్ కమిన్స్, టామ్ పైపర్‌లు 8,88,246 పింగాణీ పూలు నాటించారు. శాంతివాదుల తెల్ల పాపీ 1933 నాటిది. భారత సైనికుల సేవలకు గుర్తింపుగా 2018లో బ్రిటన్‌లో ఖాదీ పాపీ వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో 74,000 మందికి పైగా భారతీయ సైనికులు మరణించారు. వారికి స్మారక పుష్పంగా యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇండియా ప్రతిపాదించినది మాత్రం బంతిపువ్వు.